వెంట నడిచే ముందు: చెడు వార్త నాయకుడి దాకా ఎలా చేరుతుందో చూడండి

ఒక నాయకుడి వెంట వెళ్లాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు చాలామంది మూడు సంగతులు చూస్తారు. ఎలా మాట్లాడతాడు, ఇప్పటిదాకా ఏం సాధించాడు, నాతో ఎలా ఉన్నాడు. ఈ మూడింటిలో ఏదీ నమ్మకంగా నిజం చెప్పదు. మాటతీరు సాధనతో వస్తుంది. సాధించినదాంట్లో ఆయన పని ఎంత, కాలం కలిసిరావడం ఎంత, పక్కవాళ్ల చెమట ఎంత అన్నది బయటినుంచి కనిపించదు. ఇక మనతో ఉన్న తీరంటారా, మనతో అవసరం ఉన్నన్నాళ్లూ ఎవరైనా బాగానే ఉంటారు.

వీటన్నిటికన్నా ముందు నేను చూసేది ఒకటుంది. ఆ నాయకుడికి చెడు వార్త ఎలా చేరుతుంది, చేరవేసిన మనిషికి ఆ తర్వాత ఏమవుతుంది. ఆఫీసులో మేనేజర్ అయినా, సంఘం అధ్యక్షురాలైనా, ఉద్యమం నడిపేవాళ్లైనా, ఆధ్యాత్మిక గురువైనా ఈ కొలత పనికొస్తుంది. తప్పు చేయని నాయకులు ఎక్కడా లేరు. తప్పు జరిగిందన్న సంగతి ఎంత త్వరగా పైకి చేరుతుందన్నదాన్ని బట్టే వెంట ఉన్నవాళ్లు బతికి బట్టకడతారా లేదా అన్నది తేలుతుంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో పొగమంచు కమ్మి ఉండగా కేఎల్‌ఎం, పాన్ అమెరికన్ సంస్థల రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కు బయల్దేరిన కేఎల్‌ఎం విమానం కెప్టెన్ సామాన్యుడు కాదు, ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఆయన ఇంజిన్ల జోరు పెంచబోతే, ఇంకా క్లియరెన్స్ రాలేదని కో-పైలట్ ఆపాడు. తెలుసు, అడుగు అన్నాడు కెప్టెన్. అడిగితే కంట్రోల్ టవర్ ఎగిరాక పట్టాల్సిన దారి చెప్పింది. అది టేకాఫ్‌కు అనుమతి కాదు. కో-పైలట్ ఆ మాటల్ని టవర్‌కు తిరిగి చెబుతుండగానే కెప్టెన్ విమానాన్ని ముందుకు పోనిచ్చాడు. ఈసారి కో-పైలట్ ఆపలేదు. వెనక కూర్చున్న ఫ్లయిట్ ఇంజనీర్ రేడియోలో ఏదో విని, ఆ పాన్ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు. ఇంకొన్ని సెకన్లకు ఎదురుగా ఆ విమానమే ఉంది.

ఇక్కడ కెప్టెన్ చెడ్డవాడని గానీ పని తెలియనివాడని గానీ చెప్పడానికి ఏమీ లేదు. చూడాల్సింది అభ్యంతరం ఎలా సన్నగిల్లిందో. మొదటిసారి అది నేరుగా వచ్చింది. రెండోసారి అదే మనిషి నోట రాలేదు. మూడోసారి ఇంకొకరి నోట వచ్చింది కానీ ప్రశ్నగా మారి వచ్చింది. అధికారం ఎదుట మనిషికి ఒక్కసారి అడ్డుచెప్పే ధైర్యం ఉంటుంది. రెండోసారికి ఆ ధైర్యం మిగులుతుందా లేదా అన్నది మొదటిసారి నాయకుడు ఎలా తీసుకున్నాడన్నదాని మీద ఆధారపడుతుంది. విమానయాన రంగం ఇలాంటి ప్రమాదాల నుంచి ఈ పాఠాన్ని గట్టిగానే నేర్చుకుంది. 1979లో నాసా దీనిమీద ఒక వర్క్‌షాప్ పెట్టింది, 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లందరికీ శిక్షణ మొదలెట్టింది. కిందివాడు స్పష్టంగా చెప్పడం, పైవాడు అడిగి వినడం, రెండూ విమానం నడపడంలో భాగమేనని అందులో నేర్పుతారు.

ఇంకో రకంగానూ చెడు వార్త చచ్చిపోతుంది. 1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు, రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఫోన్ సమావేశంలో ప్రయోగం వద్దన్నారు. బూస్టర్ భాగాల మధ్య ఉండే రబ్బరు సీళ్లు చలికి బిగుసుకుపోతాయని, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే ప్రయోగించకూడదని వాళ్ల వాదన. నాసా అధికారులకు అది నచ్చలేదు. కంపెనీవాళ్లు ఫోన్ పక్కనపెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. అక్కడ ఒక పెద్ద, ఇంజనీరింగ్ విభాగం అధిపతితో, ఇంజనీర్ టోపీ తీసేసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు. చివరికి నలుగురు మేనేజర్ల అభిప్రాయం మాత్రమే అడిగి సరేననేశారు. లెక్కలు వేసిన ఇంజనీర్లు అదే గదిలో ఉన్నా వాళ్లను అడగలేదు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. తుది ఆమోదం ఇచ్చే పెద్దలకు ముందురోజు రాత్రి ఇలాంటి వాదన జరిగిందన్న సంగతే చేరలేదని విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ తేల్చింది.

అందుకే ఒక నాయకుడు "నాకెవరూ చెప్పలేదు" అంటే దాన్ని సంజాయిషీగా తీసుకోవద్దు. ఎందుకు చెప్పలేదో అడగండి. ఒకసారి చెప్పకపోతే అది చెప్పనివాడి లోపం కావచ్చు. పదేపదే ఆ మాటే వింటున్నారంటే, చెప్పడానికి దారి లేకుండా చేసుకున్నది ఆయనే.

పొరపాట్ల గురించి ఎవరూ మాట్లాడని టీమ్‌ను చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది ఉంటారు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఒక పరిశీలన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె లెక్కతీశారు. బాగా పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని మొదట అనుకున్నారు. లెక్కలో మాత్రం మంచి టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ టీముల్లో తప్పు జరిగితే భయపడకుండా చెప్పేవాళ్లు, మిగతాచోట్ల దాచేవాళ్లు. కాబట్టి ఒక బృందంలో అడుగుపెట్టినప్పుడు పొరపాట్ల కథలు మామూలు గొంతుతో వినిపిస్తుంటే అది మంచి గుర్తు. "ఇక్కడ సమస్యలే ఉండవు" అని అందరూ ఒకే పాట పాడుతుంటే జాగ్రత్తపడాలి.

చేరకముందు ఎవరిని, ఏమని అడగాలి

నాయకుడి గురించి ఆయన ఎంచి చూపించిన మనుషుల్ని అడిగితే ఆయన వినిపించదలచుకున్నదే వింటారు. మీరే వెతికి పట్టుకోవాల్సినవాళ్లు మూడు రకాలు. గత ఏడాది రెండేళ్లలో బయటికి వెళ్లిపోయినవాళ్లు. పదవో ప్రమోషనో వస్తుందని ఎదురుచూసి రాకపోయినా అక్కడే ఉన్నవాళ్లు. అందరికన్నా కింది మెట్టు మీద ఉండి నాయకుడితో నేరుగా పనిపడేవాళ్లు. ఒక్కో రకం నుంచి ఇద్దరు దొరికినా చాలు. వెళ్లిపోయినవాళ్లు కోపంతో చెబుతారు కదా అంటారేమో. చెబుతారు. అందుకే వాళ్ల తీర్పు పక్కనపెట్టి వాళ్లు చెప్పిన సంఘటన మాత్రమే తీసుకోవాలి.

"ఆయన మంచివాడేనా?" అన్నది వృథా ప్రశ్న. మంచివాడే అంటారు, అక్కడితో సరి. అడగాల్సింది జరిగిన విషయం. చివరిసారి ఆయన తన నిర్ణయం మార్చుకున్నది ఎప్పుడు, ఎవరు చెబితే? చెప్పినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? పోయినసారి పెద్ద పని చెడినప్పుడు ఆ సంగతి ఆయనకు ఎన్నాళ్లకు తెలిసింది? తెలిసిన రోజు ఆయన మొదట అడిగిన మాట ఏమిటి? ఈ చివరి ప్రశ్నను నేను చాలా నమ్ముతాను. "ఎవరు చేశారు" అని మొదట అడిగే నాయకుడి దగ్గర తప్పులు దాగుతాయి. "ఇప్పుడు ఎవరికి నష్టం జరుగుతోంది, ఏం ఆపాలి" అని మొదట అడిగేవాళ్ల దగ్గర తప్పులు బయటికి వస్తాయి.

జవాబు వచ్చేదాకా ఆగండి. మనిషి ఆలోచించుకుని ఒక ఉదాహరణ చెబితే, తేదీ, పేరు, చిన్న వివరం దాంతోపాటే వస్తాయి. ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తురాకపోతే ఆ నాయకుడు నిర్ణయాలు మార్చుకోడనే అర్థం. నలుగురిని అడిగితే నలుగురూ అదే కథను అవే మాటల్లో చెబితే, అది నాయకుడే ప్రచారంలో పెట్టిన కథ. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

నిర్ణయం మార్చుకోవడం అన్ని వేళలా గుణమేమీ కాదు. చివర మాట్లాడినవాళ్ల వైపు ఒరిగిపోయేవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల వెంట నడవడం ఇంకా కష్టం. తేడా తెలియాలంటే ఎందుకు మార్చుకున్నారో అడగండి. కొత్తగా తెలిసిన విషయం ఏదో చెప్పగలిగితే సరే. "వాళ్లు బాధపడ్డారు, అందుకని" అన్నదే ప్రతిసారీ కారణమైతే రేపు మీకిచ్చిన మాట కూడా అలాగే కొట్టుకుపోతుంది.

ఒక మీటింగ్‌లో గంట కూర్చుంటే

అవకాశం దొరికితే చేరకముందే ఒక సమావేశంలో వెనక కూర్చోండి. మొదట చూడాల్సింది నాయకుడు తన అభిప్రాయం ఎప్పుడు చెబుతున్నాడన్నది. మొదటి అయిదు నిమిషాల్లోనే తన మనసులో మాట చెప్పేసి "మీరేమంటారు?" అంటే ఆ చర్చ అక్కడితో అయిపోయినట్టే. మిగతా గంటంతా దానికి సమర్థనే. చివరిదాకా ఆగి, అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవాళ్లను ముందు అడిగేవాళ్లు అరుదు. అలాంటివాళ్లు దొరికితే మిగతా లోపాలు కొన్ని ఓర్చుకోవచ్చు.

తర్వాత చూపులు గమనించండి. ఎవరినైనా ప్రశ్న అడిగితే వాళ్లు జవాబు చెప్పేముందు నాయకుడి ముఖం చూస్తున్నారా, చేతిలో ఉన్న కాగితం చూస్తున్నారా? ముఖం చూసేవాళ్లు వాస్తవం కన్నా ఆయనకు నచ్చే జవాబు వెతుకుతున్నారు. ఎవరైనా "ఒక చిన్న సందేహం" అని మొదలుపెట్టినప్పుడు గదిలో ఏం జరుగుతుందో చూడండి. కుర్చీల్లో సర్దుకోవడం, పక్కవాడి వైపు ఓ చూపు, నాయకుడు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, "అది తర్వాత చూద్దాం" అనడం. ఆ "తర్వాత" ఎప్పుడొచ్చిందో మీటింగ్ అయ్యాక ఆ మనిషినే అడగండి. ఇక సమావేశం ముగిశాక వరండాలో గుంపులుగా చేరి లోపల అనని మాటలు అనుకుంటుంటే, అసలు చర్చ నాయకుడు లేనిచోట జరుగుతోందన్నమాట. ఎంత తెలివైన నాయకుడైనా అక్కడ సగం సమాచారంతోనే నిర్ణయాలు తీసుకుంటున్నాడు.

ప్యూన్‌తో, డ్రైవర్‌తో ఎలా ఉంటారో చూడమని చాలామంది సలహా ఇస్తారు. చూడండి, కానీ దానికి మరీ విలువ కట్టకండి. తనకు పోటీ రానివాళ్లతో మర్యాదగా ఉండటం సులువు. తన తర్వాతి స్థానంలో ఉన్న సమర్థులతో ఎలా ఉన్నారన్నది అంతకన్నా ఎక్కువ చెబుతుంది. ఆయన పక్కన రెండో మనిషి ఎవరు? పనిమంతులేనా, తలూపేవాళ్లా? నెల్సన్ మండేలా 1994లో అధ్యక్షుడై, ఒక్క విడతతో సరిపెట్టుకుని 1999లో పదవి వదిలాడు. ఇంకోసారి పోటీచేస్తే కాదనేవాళ్లు లేని రోజుల్లో ఆయన చేసిన పని అది. తాను లేకపోయినా పని సాగాలని కోరుకునే నాయకుడు రెండో మనిషిని పెంచుతాడు.

చిన్న అభ్యంతరం చెప్పి చూడండి

చేరాక మొదటి రెండు నెలల్లో ఒకసారి అడ్డుచెప్పాల్సిన సందర్భం దానంతటదే వస్తుంది. దాన్ని దాటవేయకండి. పెద్ద విషయంలో మొదటిసారి నోరు విప్పడం కన్నా చిన్న విషయంలో విప్పడం మీకూ, ఆయనకూ మంచిది. అభ్యంతరం నిజమైనది కావాలి. పరీక్ష పెట్టడానికి కల్పించింది కాకూడదు, అది మోసం, పైగా ఇట్టే దొరికిపోతుంది. మీ పనికి సంబంధించినదై ఉండాలి. నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి. వేరే దారి కూడా చూపించాలి. ఉదాహరణకు: "శుక్రవారానికి కావాలన్నారు. సరిచూడటానికే రెండు రోజులు పడుతుంది. సోమవారమైతే మొత్తం ఇవ్వగలను. శుక్రవారమే కావాలంటే రెండో భాగం వదిలేయాలి. ఏది నయమంటారు?" ఇంతకన్నా మెత్తగా చెబితే అభ్యంతరమని అర్థం కాదు. ఇంతకన్నా గట్టిగా చెబితే ఆయన స్పందన మీ గొంతుకా, మీ మాటకా అన్నది తేలదు.

స్పందనను మూడుసార్లు చూడాలి. ఆ క్షణంలో, వారం తర్వాత, మూడు నెలల తర్వాత. ఆ క్షణంలో ముఖం చిట్లించినా, విసుక్కున్నా తీర్పు ఇచ్చేయకండి. మంచి నాయకుల్లోనూ ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు ఉంటారు. ఆ క్షణంలో "చాలా మంచి మాట చెప్పావు" అని భుజం తట్టారని పొంగిపోనూ వద్దు. వారం తర్వాత ఏం జరిగింది? మీ మాట నెగ్గాలనేమీ లేదు. విన్న గుర్తు ఉందా, వద్దనుకుంటే ఎందుకో చెప్పారా అన్నదే ముఖ్యం. ఆరోజు కోప్పడి, రెండు రోజుల తర్వాత పిలిచి "నువ్వన్నది ఆలోచించాను, ఈ కారణం వల్ల కుదరదు" అన్నవాళ్లు, ఆరోజు నవ్వి ఆ తర్వాత మరిచిపోయినవాళ్లకన్నా చాలా మెరుగు.

మూడు నెలల తర్వాత చూడాల్సింది మీకేమైందన్నది. కక్ష సాధింపు అరుపుల రూపంలో రాదు. ఇంతకుముందు మీకు వచ్చే మెయిల్ ఇప్పుడు రాదు. మీటింగ్ సమయం మారిందన్న సంగతి చివర్లో తెలుస్తుంది. మీ పని వివరాలు మిమ్మల్ని కాకుండా పక్కవాళ్లను అడుగుతారు. మీకో ముద్దుపేరు పుడుతుంది, నలుగురిలో "మన ప్రతిపక్షం వచ్చింది" అని నవ్వుతారు. ఇలాంటివి ఒకసారి జరిగితే యాదృచ్ఛికమే కావచ్చు. మూడు జరిగితే, తేదీలతో రాసి పెట్టుకుంటే, అప్పుడు అది మీ అనుమానమా, నిజమా అన్నది మీకే స్పష్టమవుతుంది. రాసుకోకపోతే ప్రమాదం రెండు వైపులా ఉంది. లేని కక్షను ఊహించుకుంటారు, లేదంటే ఉన్నదాన్ని ఏళ్ల తరబడి "నాకే అలా అనిపిస్తోందేమో" అని తోసిపుచ్చుతారు.

ఆయన ఏదో ఒక సంక్షోభంలో మునిగి ఉన్న రోజున ఈ పని చేయకండి. ఆరోజు వచ్చే జవాబు ఆ రోజుదే అవుతుంది.

ఇచ్చిన మాటల లెక్క

ఒక చిన్న పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకోండి. చెప్పిన మాట, గడువు, జరిగింది, తప్పితే ముందు నోరు విప్పింది ఎవరు. "అందరినీ కంటికి రెప్పలా చూసుకుంటాను" అన్నది ఇందులో రాయడానికి పనికిరాదు. "వచ్చే నెల 10లోగా లెక్కలు అందరి ముందు పెడతాను" అన్నది పనికొస్తుంది. మూడు నెలల్లో పదో పన్నెండో మాటలు పోగవుతాయి, అంతకన్నా అక్కర్లేదు. రాసుకోకుండా గుర్తుంచుకుందామనుకుంటే, ఘనంగా నెరవేర్చిన ఒక మాటో, దారుణంగా తప్పిన ఒక మాటో మాత్రమే గుర్తుంటుంది, మిగతావి జారిపోతాయి.

లెక్క చూసేటప్పుడు ఎన్ని నెరవేరాయన్నది రెండో సంగతి. గడువుకు ముందే "ఇది అయ్యేలా లేదు" అని తనంతట తానుగా చెప్పినవాటిని తప్పిన మాటల్లో కలపకండి, అవి నమ్మకాన్ని పెంచేవి. మీరు అడిగితే గానీ ప్రస్తావనకు రానివే అసలు తప్పినవి. ఆ తర్వాత ఇంకొకటి చూడండి, ఇదే అన్నిటికన్నా పదునైనది: ఎవరికిచ్చిన మాటలు నిలిచాయి, ఎవరికిచ్చినవి పోయాయి? పైవాళ్లకు, డబ్బు ఇచ్చేవాళ్లకు ఇచ్చినవి గడువు దాటకుండా జరిగి, కిందివాళ్లకు ఇచ్చినవే ఎప్పుడూ వెనకబడుతుంటే, ఆయనకు మతిమరుపు లేదు. ఎవరికి మాట తప్పితే ఇబ్బంది రాదో ఆయనకు బాగా తెలుసు.

నష్టం ఎవరి మీద పడుతోంది

1915లో అంటార్కిటికా మంచులో ఎండ్యూరెన్స్ ఓడ నలిగిపోయాక, యాత్ర నాయకుడు షాకిల్టన్‌తో కలిపి బృందంలోని 28 మంది మంచు మీదే డేరాలు వేసుకున్నారు. తోలుతో చేసిన వెచ్చటి నిద్రసంచులు 18 మాత్రమే ఉన్నాయి, మిగతావి ఉన్నివి. చీటీలు వేశారు. చిత్రంగా షాకిల్టన్‌కు, అధికారుల్లో ఎక్కువమందికి ఉన్ని సంచులే వచ్చాయి, వెచ్చటివి నావికుల దగ్గరికి చేరాయి. చీటీల్లో ఏదో మతలబు జరిగిందని నావికులకే తోచింది. ఆ 28 మందీ 1916లో ప్రాణాలతో బయటపడ్డారు. నష్టాన్ని పంచేటప్పుడు నాయకుడు తన వాటాగా ఏది తీసుకున్నాడన్నదానికి ఇంత తేటతెల్లమైన ఉదాహరణ తక్కువ.

ఇంకోవైపు అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ ఉంది. 2001 సెప్టెంబరులో కంపెనీ పెద్ద కెనెత్ లే, షేరు చాలా చౌకగా దొరుకుతోందని ఉద్యోగులతో అన్నాడు. ఆ కాలంలోనే తన షేర్లను కంపెనీకే తిరిగి అమ్మి కోట్ల డాలర్లు తీసుకున్నాడు. డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీ నాయకుడు మిమ్మల్ని దేనిలో డబ్బు, కాలం, పేరు పెట్టమంటున్నాడో, దానిలో తాను ఎంత పెట్టాడో, ఇప్పుడు తీసేస్తున్నాడో అడిగి తెలుసుకోండి. జవాబు సూటిగా రాకపోతే అదే జవాబు.

షాకిల్టన్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అదే యాత్రలో వడ్రంగి మెక్‌నిష్ ఒక దశలో ఎదురు తిరిగి బండి లాగనన్నాడు. తర్వాత పడవ గోడలు ఎత్తు పెంచి, ఆరుగురు సముద్రం దాటి సాయం తేవడానికి వీలు కల్పించింది కూడా ఆయన పనితనమే. అయినా షాకిల్టన్ ఆయనకు, ధ్రువ యాత్రికులకు ఇచ్చే పోలార్ మెడల్ సిఫారసు చేయలేదు. ప్రాణం నిలబెట్టుకోవడానికి ఆ నాయకుడి వెంట నడవొచ్చు. కానీ ఎదిరించినవాళ్ల పని విలువ కట్టే చోట ఆయన న్యాయాన్ని కళ్లుమూసుకుని నమ్మలేం. నాయకుడిని మొత్తంగా నమ్మాలా వద్దా అన్న ప్రశ్న వేసుకోనక్కర్లేదు. ఏ విషయంలో, ఎంతవరకు, ఎన్నాళ్లు అని ప్రశ్నించుకోవాలి. పని బాగా నేర్పేవాళ్ల దగ్గర పని నేర్చుకోవచ్చు. అంతమాత్రాన మన పెళ్లి గురించో, పొదుపు గురించో వాళ్లను అడగాల్సిన పనిలేదు.

హద్దులు ముందే రాసుకోవాలి

ఎవరూ మొదటి రోజే పెద్ద తప్పు చేయమని అడగరు. యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, ఎదుటి మనిషికి కరెంటు షాక్ ఇవ్వమని మామూలు మనుషులకు చెప్పారు. షాక్ నిజం కాదు, ఆ సంగతి వాళ్లకు తెలియదు. 15 వోల్టుల నుంచి 450 దాకా 30 స్విచ్‌లు, ఒక్కోదానికి 15 వోల్టులే తేడా. 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు. నేరుగా 450 నొక్కమంటే ఎంతమంది నొక్కేవాళ్లో గానీ, 300 నొక్కిన చేతికి 315 పెద్ద తేడా అనిపించదు. నాయకుల వెంట వెళ్లి చెడిపోయినవాళ్ల దారి కూడా ఇలాంటిదే.

దీనికి విరుగుడు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే హద్దులు కాగితం మీద పెట్టుకోవడం. చదవని కాగితం మీద సంతకం చేయను. బయటివాళ్లకు అబద్ధం చెప్పమంటే చెప్పను. ఇంతకు మించి నా డబ్బు పెట్టను, ఆ అంకె వేసుకోండి. నా పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచను. ఇంట్లోవాళ్లతో, పాత స్నేహితులతో మాట్లాడొద్దంటే ఆరోజే వెనక్కి వచ్చేస్తాను. కింద తేదీ వేసి, ఆ బృందానికి సంబంధం లేని ఒక మనిషికి ఒక కాపీ ఇవ్వండి. ఆరు నెలలకోసారి వాళ్లతో కలిసి చదవండి. ఏదైనా హద్దు దగ్గర "ఈ ఒక్కసారికి ఫరవాలేదు" అని మీరు వాదిస్తుంటే, ఆ బయటి మనిషికి అది వెంటనే వినిపిస్తుంది, మీకు వినిపించదు.

ఆ ప్రయోగాల్లోనే ఇంకో రకం కూడా చేశారు. పక్కన ఉన్న ఇద్దరు మధ్యలో లేచి "ఇక మేం చేయం" అన్నప్పుడు, చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే. అందుకే బృందంలో చేరగానే, నాయకుడితో సంబంధం లేకుండా, నిజం మాట్లాడుకోగల ఒకరిద్దరిని సంపాదించుకోండి. సభ్యులు తమలో తాము విడిగా మాట్లాడుకోవడాన్ని నాయకుడు ద్రోహంగా చూస్తే, మిగతా గుణాలు ఎన్ని ఉన్నా ఆయన వెంట వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు చర్చకు సమయం లేదు అన్నప్పుడు

కొన్ని సందర్భాల్లో అది నిజమే. మంటలు ఆర్పేటప్పుడు, ఆపరేషన్ మధ్యలో ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు చేయాలి. ఇక్కడ చూడాల్సింది ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది. అత్యవసరం తీరాక కూర్చుని ఏది సరిగా జరిగింది, ఏది చెడిందన్నది నాయకుడితో సహా అందరూ మాట్లాడుకుంటే ఆ ఆజ్ఞకు విలువ ఉంది. ఆ సమీక్ష ఎప్పుడూ జరగకపోయినా, ఒక అత్యవసరం ముగియకముందే ఇంకొకటి పుట్టుకొస్తున్నా, ఏడాదిలో మామూలు రోజంటూ లేకపోయినా, ఆ అత్యవసరాలు ప్రశ్నలు రాకుండా ఉండటానికే పనికొస్తున్నాయి.

మన పరిస్థితి కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఉద్యోగం పోయినప్పుడు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్నప్పుడు, కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ధీమాగా మాట్లాడే ఎవరి మాటైనా చల్లగా తగులుతుంది. ఆ ఊరట నిజమైనదే, దాన్ని తప్పుపట్టను. అయితే ఆ ఊరట కలిగిన రోజున సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి, రాజీనామా ఇవ్వకండి. రెండు వారాలు ఆగమని అడగండి. ఆగనిచ్చే నాయకుడు మీకోసం చూస్తున్నాడు. ఈ రాత్రే తేల్చమనేవాళ్లకు మీ తొందరే కావాలి.

లోపాలున్నా ఉండొచ్చా

ఉండొచ్చు, చాలాసార్లు ఉండాల్సి వస్తుంది కూడా. నేను పెట్టుకున్న గీత ఒకటే: చెప్పే దారి తెరిచి ఉన్నంతకాలం లోపాలతో వేగవచ్చు. మొరటుగా మాట్లాడినా, సభలో మెప్పించలేకపోయినా, లెక్కల్లో తడబడినా, చెప్పినది వింటూ చెప్పినవాళ్లను కాపాడుతుంటే ఆ నాయకత్వం బాగుపడుతుంది. ఎంత మేధావి అయినా చెప్పినవాళ్లు ఒక్కొక్కరే మాయమవుతుంటే అక్కడ పరిస్థితి ఏటికేడు దిగజారుతుంది. ఇద్దరు ముగ్గురు నిక్కచ్చి మనుషులు వరసగా వెళ్లిపోయారంటే మీ పుస్తకం తీసి మళ్లీ చదవండి.

వెళ్లిపోవాలని తేల్చుకుంటే, గొడవ పడిన రోజున వెళ్లకండి. ముందుగా మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి, ఆరు నెలలకైతే ఇంకా మంచిది. మీ నియామక పత్రం, మీరు సంతకం పెట్టిన ఒప్పందాలు, రావాల్సిన బకాయిల వివరాలు మీ దగ్గర ఉంచుకోండి. సంస్థకు చెందిన రహస్య పత్రాలు మాత్రం వెంట తీసుకెళ్లకండి, అన్యాయం జరిగింది మీకే అయినా ఆ ఒక్క పనితో నేరం మీ మీదికి వస్తుంది. మీతోపాటు అదే అభ్యంతరం చెప్పిన మనిషి ఎవరైనా ఉంటే, మీ నిర్ణయం వాళ్లకు మీ నోటి ద్వారానే ముందు తెలియాలి. మీరు వెళ్లాక ఒత్తిడంతా వాళ్లమీదే పడుతుంది, సిద్ధపడటానికి వాళ్లకు కొన్ని రోజులైనా ఇవ్వాలి. ఆఖరి సంభాషణలో ఆయనకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పించాలని చూడకండి. చివరి తేదీ, ఏ పని ఎవరికి అప్పగిస్తున్నారు, ఏ బకాయి ఎప్పటికి రావాలి, ఈ మూడూ మాట్లాడి, అదేరోజు వాటినే రాసి పంపి, అందినట్టు జవాబు తీసుకోండి.